మెడకీ మేడకీ తేడా వినిపించే వరకు

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం నాటి సాయంత్రం, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న యువతీయువకుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు, ఆయన జవాబులు.)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీకు కూడా.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం వ్యక్తిత్వ వికాసం. ఆ పేరు వింటేనే నాకు కాస్త బెరుకు. ఆ పేరుతో జరిగే సభల్లో చప్పట్లు ఎక్కువ, ఇంటికి పట్టుకెళ్లేది తక్కువ. పిల్లల్లో ఉత్సాహం నింపమని కూడా అన్నారు. మీ దగ్గర ఉత్సాహానికి లోటేం లేదు. పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. తెల్లారగట్ల నాలుగింటికి అలారం పెట్టుకుని లేచేవాళ్లున్నారు. కష్టం మీకు కొత్త కాదు. ఇంత కష్టపడుతున్నా ఒక చోటికి వచ్చేసరికి ఎదుగుదల ఎందుకు ఆగిపోతుంది? నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఇది. ఇవాళ దీని గురించే మాట్లాడతాను.

మీకు బాగా తెలిసిన మాక్ టెస్టుల దగ్గర మొదలుపెడదాం. రైల్వేకి రాసేవాళ్లు, బ్యాంకులకి రాసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. రోజుకో టెస్టు రాస్తారు. అయిపోగానే ఫోన్లో మార్కులు పడతాయి. నూటికి అరవై రెండు. "పర్లేదు, నిన్న అరవై" అనుకుని టీ తాగి, రేపు ఇంకోటి రాస్తారు. రేపు అరవై ఒకటి, ఎల్లుండి అరవై మూడు. ఆర్నెల్లు పోయాక చూస్తే మళ్లీ అరవై రెండే. ఇతను బద్ధకస్తుడేం కాదు. పెళ్లిళ్లు మానుకున్నాడు, క్రికెట్ మానుకున్నాడు. మరి ఏటి జరిగింది? పోయిన ముప్పై ఎనిమిది మార్కుల మొహం ఒక్క రోజూ చూడలేదు. వచ్చిన అరవై రెండే రోజూ మళ్లీ తెచ్చుకుంటున్నాడు.

మనం సాధన అని పిలుచుకునే దాంట్లో చాలాభాగం ఇంతే. వచ్చినదాన్నే మళ్లీ చేయడం. అది హాయిగా ఉంటుంది, టైమూ గడుస్తుంది, చేశామన్న తృప్తీ మిగులుతుంది. రానిదాని దగ్గర కూర్చుంటే మాత్రం చిరాకేస్తుంది, తల నొప్పెడుతుంది, మనమీద మనకే అనుమానం పుడుతుంది. అందుకే చెయ్యి దానంతటదే వచ్చిన లెక్కల వైపుకే పోతుంది.

ఆండర్స్ ఎరిక్సన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. స్వీడన్‌లో పుట్టి, అమెరికాలో పనిచేసి, 2020లో కన్నుమూశారు. మనుషులు ఏ పనిలోనైనా ఆరితేరడం ఎలా జరుగుతుందన్న ఒక్క విషయం మీదే జీవితమంతా గడిపారు. ఆయనా, ఆయన తోటివాళ్లూ 1980లో అచ్చువేసిన ఒక ప్రయోగం మీకు చెప్పాలి. ఒక మామూలు కాలేజీ కుర్రాడిని కూర్చోబెట్టారు. సెకనుకి ఒకటి చొప్పున అంకెలు చదువుతారు. అవి వరసగా తిరిగి చెప్పాలి. మొదట్లో ఏడు అంకెలు చెప్పగలిగాడు. మనమూ దాదాపు అంతే. సరిగ్గా చెబితే తర్వాతి వరసలో ఒక అంకె పెంచుతారు, తప్పితే ఒకటి తగ్గిస్తారు. ఏడాదిన్నరకు పైగా ఇలా సాగింది. మొత్తం కలిపితే సుమారు 230 గంటలు. చివరికి 79 అంకెలు వరస తప్పకుండా చెప్పాడు.

ఎలా చెప్పాడంటే, ఆ కుర్రాడికి పరుగు పందాలు అలవాటు. 3492 అని వినిపిస్తే, మైలు పరుగు 3 నిమిషాల 49.2 సెకన్లు అని పట్టుకునేవాడు. విడి అంకెలు గుర్తుండవు, పరుగు టైము గుర్తుంటుంది. అలా చిన్న చిన్న గుంపులు కట్టుకుంటూ, ఎక్కడ గుంపు జారిపోతుందో చూసుకుంటూ, ఆ జారిన చోటికి కొత్త ఉపాయం వెతుక్కుంటూ పోయాడు.

ఇది వినగానే అందరూ 79ని చూసి నోరెళ్లబెడతారు. నాకు ముఖ్యమనిపించేది తర్వాత జరిగింది. అదే కుర్రాడికి అంకెలు ఆపి అక్షరాలు చదివారు. ఎన్ని చెప్పాడనుకున్నారు? ఆరు. అంటే అతని జ్ఞాపకశక్తి పెరగలేదు. అంకెలు పట్టుకునే నేర్పు పెరిగింది. సాధన చేసిన చోటే ఫలితం, పక్క గదిలో లేదు.

అందుకే "నా పర్సనాలిటీ డెవలప్ చేసుకుంటాను సార్" అని ఎవరైనా వస్తే, "దాంట్లో ఏ ముక్క నాయనా?" అని అడుగుతాను. పర్సనాలిటీ మొత్తాన్ని పెంచే వ్యాయామం ఏదీ లేదు. నలుగురిలో లేచి ప్రశ్న అడగడం, అప్పు అడిగినవాడికి లేదని చెప్పడం, ఇంగ్లీషులో రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడటం, ఇలాంటి ముక్కలు ఉన్నాయి. ముక్కని పట్టుకుంటే పని జరుగుతుంది.

ఎరిక్సన్ పేరు చెప్పగానే కొందరికి పదివేల గంటలు గుర్తొచ్చి ఉంటుంది. సోషల్ మీడియాలో తిరుగుతూ ఉంటుంది కదా, ఏ పనైనా పదివేల గంటలు చేస్తే మొనగాడివి అయిపోతావని. ఆ అంకె 1993లో ఆయన మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసం నుంచి వచ్చింది. పశ్చిమ బెర్లిన్ సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థుల్ని పరిశీలించారు. అందరికన్నా మేటి అనిపించుకున్నవాళ్లు ఇరవై ఏళ్ల వయసుకి సగటున పదివేల గంటలు ఒంటరిగా సాధన చేశారని లెక్క తేలింది. అది సగటు. అందులో కొందరు అంత చేయనివాళ్లూ ఉన్నారు. పైగా ఇరవై ఏళ్లకి వాళ్లింకా విద్యార్థులే, విద్వాంసులు కాదు. తర్వాత ఎవరో దాన్ని సూత్రంలా చేసేస్తే, తాను అలా చెప్పలేదని ఎరిక్సనే మొత్తుకున్నారు. గంటలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి జనానికి గంటలే గుర్తున్నాయి. ఆ గంటల్లో ఏం చేశారన్నది ఎవరికీ పట్టలేదు. గురువు వారానికోసారి విని, ఈ చోట బాగాలేదు అని చెబుతాడు. శిష్యుడు తలుపేసుకుని ఆ చోటే మళ్లీ మళ్లీ వాయిస్తాడు. పాట మొత్తం కాదు, ఆ చోటు.

ఇంకో మాట కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. 2014లో ఇలాంటి పరిశోధనల్ని చాలావాటిని కలిపి లెక్క కట్టారు. మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధన వల్ల వచ్చింది సంగీతంలో 21 శాతం, చదరంగం లాంటి ఆటల్లో 26 శాతం, క్రీడల్లో 18 శాతం అని తేల్చారు. సాధన అంటే ఏమిటో వాళ్లు సరిగా నిర్వచించలేదని ఎరిక్సన్ వాదించారు. ఆ తగువు మనకెందుకు గానీ, కష్టపడితే ఎవరైనా ఏదైనా అయిపోతారని మాత్రం మీతో అనను. మిగతా భాగంలో పుట్టుక ఉంది, మొదలుపెట్టిన వయసు ఉంది, ఇంట్లో డబ్బు ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. అవి మన చేతిలో లేవు. చేతిలో ఉన్నదాన్ని సరిగా వాడుకుందామనే నా గోల.

అయితే అనుభవం సంగతేమిటి? ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మాస్టారు, నలభై ఏళ్లుగా చూస్తున్న డాక్టరు అంటే మనకి ఎంతో గౌరవం. గౌరవం ఉండాల్సిందే. కానీ 2005లో హార్వర్డ్ పరిశోధకులు డాక్టర్ల మీద వచ్చిన 62 అధ్యయనాలు ముందేసుకుని చూశారు. ప్రాక్టీసు ఏళ్లు పెరిగినకొద్దీ వైద్యం నాణ్యత పెరుగుతుందని మనం అనుకుంటాం కదా. సగానికి పైగా అధ్యయనాల్లో కొలిచిన ప్రతి విషయంలోనూ తగ్గుతున్నట్టే కనిపించింది. డాక్టర్లను అనుమానించమని చెప్పడం లేదు, ఎవరూ మందులు మానేయకండి. నేను మాస్టర్ని కాబట్టి మాస్టర్లకే అన్వయిస్తాను. ఒకే పాఠాన్ని ఒకేలా ముప్పైసార్లు చెప్పినవాడికి ఉన్నది ముప్పై ఏళ్ల అనుభవం కాదు, ఏడాది అనుభవం, ముప్పైసార్లు.

కొన్ని పనుల్లో ఈ ఇబ్బంది రాదు. పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే మన ఊరి కొమ్ము పని ఉంది. కొమ్ముని సెగ మీద పెట్టి, మెత్తబడ్డాక వంచి, కొంగకి మెడ తీస్తారు. సెగ చాలకపోతే వంచేటప్పుడు చీలుతుంది. ఆకురాయి ఎక్కువ పడితే రెక్క పలచబడి విరుగుతుంది. తప్పు చేసిన క్షణమే చేతికి తెలిసిపోతుంది, ఇంకొకరు చెప్పక్కర్లేదు. అందుకే ఆ పనిలో ఏళ్లు గడిచినకొద్దీ చెయ్యి తేలుతుంది. పాఠం చెప్పడం అలా కాదు. పిల్లాడికి అర్థం కాకపోయినా తల ఊపుతాడు. ఇంటర్వ్యూలో మీరు తప్పు మాట్లాడితే ఎదుటివాళ్లు "థ్యాంక్యూ" అని నవ్వి పంపిస్తారు. ఇంట్లో మనం అరిస్తే భార్యో తమ్ముడో నోరు మూసుకుంటారు, మనం చెప్పిందే రైటని అనుకుంటాం. తప్పు మనకి తిరిగి రాదు. తిరిగి రాని తప్పుని ఎన్నేళ్లు చేసినా అది తప్పుగా కనపడదు.

1999లో కార్నెల్ యూనివర్సిటీలో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ అని ఇద్దరు ఒక పని చేశారు. విద్యార్థులకి తర్కం మీద, ఇంగ్లీషు వ్యాకరణం మీద పరీక్షలు పెట్టి, మీరు ఎంత బాగా రాశారనుకుంటున్నారు అని అడిగారు. అట్టడుగున ఉన్న పావువంతు మంది నిజానికి వందలో కింది నుంచి పన్నెండో మెట్టు దగ్గర ఉన్నారు. వాళ్లు మాత్రం అరవై రెండో మెట్టు దగ్గర ఉన్నామని చెప్పారు. పొగరు వల్ల కాదు. తప్పుని తప్పని గుర్తించాలంటే ఒప్పు ఏదో తెలియాలి. అది తెలిస్తే ఆ తప్పే చేయరు కదా! ఏ తెలివి లేక పని చెడిందో, ఆ తెలివి లేకే చెడినట్టు తెలియలేదు.

ఇది వినగానే మనకి పక్కింటాయన గుర్తొస్తాడు. అందరికీ పక్కింటాయనే గుర్తొస్తాడు.

అందుకే, కళ్లు మూసుకుని నేను ఎలాంటివాడిని అని ఆలోచిస్తే తనని తాను తెలుసుకోవడం అయిపోతుందన్న మాట నాకు ఎక్కదు. ధ్యానం చేసేవాళ్లు చేసుకోండి, మనసు కుదుటపడుతుంది. కానీ నా ఒడియా ఎలా ఉందో, నా లెక్కలు ఎక్కడ పోతున్నాయో కళ్లు మూసుకుంటే తెలియదు. బయటి కొలత ఏదో ఒకటి కావాలి.

మన సరిహద్దు ఊళ్ల పిల్లలది ఒక ముచ్చట చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇది చిన్న ఆస్తి కాదు, రెండు భాషలు ఉచితంగా వచ్చాయి. అయితే ఒక చిక్కు ఉంది. ఒడియా రాసేటప్పుడు హ్రస్వం, దీర్ఘం ఉంటాయి గానీ, పలికేటప్పుడు ఆ తేడా ఉండదు. ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. పదో తరగతి దాకా ఒడియాలోనే చదివిన పిల్లల్లో కొందరికి తెలుగులో కూడా దీర్ఘాలు కుదించుకుపోతాయి. ఒకమ్మాయి విశాఖపట్నంలో కాల్ సెంటర్ ఉద్యోగానికి వెళ్లాలని నా దగ్గరకి వచ్చింది. చురుకైన పిల్ల. ఫోన్లో మాట్లాడుతూ "మెడ మీద కూర్చున్నానమ్మా, సిగ్నల్ బాగుంటాది" అంటోంది. మేడ మీద అన్నమాట! వాళ్లమ్మ యాభైసార్లు నవ్వింది, ఒక్కసారీ సరిచేయలేదు.

అది తప్పని చెబితే ఆ పిల్ల ఒప్పుకోలేదు. "మేడ అనే అన్నాను మాస్టారూ" అంది. అబద్ధం కాదు, తనకి అలాగే వినిపిస్తోంది. కాబట్టి నోటితో పని మొదలుపెట్టలేదు, చెవితో మొదలుపెట్టాం. నేను అటు తిరిగి ఒక మాట అంటాను. మెడ, మేడ. కొన, కోన. వడ, వాడ. పడు, పాడు. ఏది విన్నదో తను కాగితం మీద రాయాలి. మొదట్లో సగం తప్పులు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే, అసలు వినపడటం లేదు. వడ, వాడ మొదట పట్టుబడ్డాయి. మెడ, మేడ బాగా ఏడిపించాయి. వచ్చేసిన జంటల్ని పక్కన పెట్టేశాం, ఏడిపించిన వాటి మీదే కూర్చున్నాం.

చెవి కుదిరాక నోటి వంతు. తన మాటలు ఫోన్లో రికార్డు చేసి విన్నది. "ఇది నా గొంతేనా? ఛీ, ఇలా ఉంటుందా!" అంది. అందరూ అదే అంటారు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాకుండా పుర్రె ఎముకల్లోంచి కూడా చెవికి చేరుతుంది, అందుకే నిండుగా వినిపిస్తుంది. ఫోన్లో ఆ ఎముకల భాగం ఉండదు. ఊరంతా వింటున్నది ఫోన్లో ఉన్న గొంతునే. ఆ తర్వాత ఆ రికార్డింగు తన స్నేహితురాలికి పంపింది. ఏ మాట అన్నదో చెప్పకుండా, ఏం వినపడిందో రాసి పంపమంది. నేను మెచ్చుకుంటే నమ్మక్కర్లేదు, వాళ్లమ్మ మెచ్చుకుంటే అసలే నమ్మక్కర్లేదు. స్నేహితురాలు 'మేడ' అని రాస్తే మేడ వచ్చినట్టు.

కొన్ని వారాల్లో విడి మాటలు కుదిరాయి. వాక్యంలో పెట్టగానే మళ్లీ జారాయి, ముఖ్యంగా గబగబా మాట్లాడేటప్పుడు. ఇది మామూలే, కంగారు పడకండి. మళ్లీ వాక్యాల మీద పని. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. వచ్చింది. కానీ ఉద్యోగం దీర్ఘాల వల్లే వచ్చిందని నేను చెప్పలేను, కంప్యూటర్ కూడా బాగా వచ్చు.

తెలుగు బడిలో చదివి ఒడియా మాట్లాడే మనవాళ్లకి తిరగేసిన చిక్కు ఉంది. ఒడియాలో 'అ' మన 'అ' కాదు. పెదాలు గుండ్రంగా పెట్టి, 'ఒ' వైపు కాస్త ఒరిగించాలి. మనం మన 'అ' పెట్టేస్తాం. బరంపురం బజారులో నోరు తెరవగానే తెలుగువాడని పట్టేస్తారు. పట్టేస్తే తప్పేం లేదు, నేను సిగ్గుపడను. ఒడియాలో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు మాత్రం ఇదే పద్ధతిలో దాన్ని పట్టుకోవచ్చు.

ఇవాళ ఎవరి పుట్టినరోజో మీకు చెప్పక్కర్లేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో, పదిహేడేళ్లకే, ఈ ఊళ్లో రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. యాభై ఏళ్లకు పైగా ఈ వీధుల్లో తిరిగిన మనిషి. ప్రతి ఏడూ దండ వేసి, వ్యావహారిక భాషోద్యమం అని రెండు మాటలు చెప్పి వదిలేస్తాం. ఆయన సవర నేర్చుకున్న తీరు మీలాంటివాళ్లకి ఇంకా పనికొస్తుంది.

ఈ కొండల్లో సవరలనే గిరిజనులు ఉన్నారు. వాళ్ల భాషకి అప్పట్లో లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకాయన్ని ఇంట్లో పెట్టుకుని పంతులుగారు నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొండ ఊళ్లకి కాలినడకన వెళ్లారు. మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. చూడండి, సవరలో గొంతు దగ్గర ఠక్కున ఆగే ధ్వనులున్నాయి, తెలుగు చెవికి అవి అలవాటు లేనివి. వినికిడి తగ్గిన మనిషి ఆ ధ్వనుల వెంట పడ్డారు. సరిగా పలికానా లేదా అని చూసుకోవడానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఎదురుగా ఉన్న సవరకి అర్థమైందా లేదా అన్నదే పరీక్ష. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువుని 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకి డెబ్బై ఐదేళ్లు.

వ్యావహారిక భాష సంగతి కూడా ఇక్కడ కలుస్తుంది. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు ఆయన ఈ జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. పుస్తకంలో ఒకలా ఉంది, జనం ఇంకోలా మాట్లాడుతున్నారు, ఎందుకని అడిగాడు. పంతులుగారు అప్పటికి పాతికేళ్లకు పైగా పాఠాలు చెబుతున్న మాస్టరు, నలభై దాటిన మనిషి. బయటివాడు వచ్చి అడిగిన ప్రశ్నని తోసిపుచ్చలేదు. దాని వెంటే మిగతా జీవితమంతా నడిచారు. మన చెవికి అలవాటైపోయినది కొత్తవాడి చెవికి కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. అలాంటివాడు ఏదైనా అడిగితే కోపం తెచ్చుకోకండి.

కోపం అన్నాను కాబట్టి దాని గురించీ ఒక మాట. చాలామంది "నాకు కోపం ఎక్కువ సార్, అది నా స్వభావం" అంటారు. అది తనని తాను తెలుసుకోవడం కాదు, బిరుదు తగిలించుకోవడం. నాకు తెలిసిన ఒక కిరాణా కొట్టాయన ఉన్నాడు. కోపం ఎక్కువని బజారంతా పేరు. చిన్న నోట్‌బుక్కులో రాసుకోమన్నాను. ఎప్పుడు వచ్చింది, ఎదురుగా ఎవరు, నోట్లోంచి మొదట వచ్చిన మాట ఏది. అంతే, విశ్లేషణలు వద్దు. రాసి చూస్తే పొద్దున్న కోపం లేదు, సాయంత్రం లేదు. మధ్యాహ్నం భోజనానికి ముందు, అది కూడా పాత బాకీ తీర్చకుండా ఎవరైనా మళ్లీ అరువు అడిగినప్పుడు. స్వభావం అనుకున్నది తీరా చూస్తే రోజులో ఒక గంట! అరువు అడిగితే ఏమనాలో ఒక వాక్యం తయారుచేసుకున్నాడు, ఇంట్లో కొడుకుని ఎదురుగా నిలబెట్టి అది అలవాటు చేసుకున్నాడు. భోజనం ఓ అరగంట ముందుకి జరిపాడు. ఇప్పుడు అసలు కోపమే రాదని అనను. బాకీలు వసూలు కావడం కూడా పెరిగిందని ఆయన అంటాడు. అది నా గొప్ప కాదు, ఆయన వాక్యం గొప్ప.

మళ్లీ పరీక్షల దగ్గరికి వస్తాను, మీ పని అదే కదా. టెస్టు రాసిన మర్నాడు కొత్త టెస్టు రాయకండి. పోయిన ప్రశ్నలు ముందేసుకోండి. ఒక్కో ప్రశ్న పక్కన ఎందుకు పోయిందో రాయండి. అసలు ఆ పాఠం రాదా? పాఠం వచ్చు గానీ ప్రశ్న తప్పుగా చదివారా? లెక్క వచ్చు, టైము చాలలేదా? 'కేర్‌లెస్ మిస్టేక్' అని మాత్రం రాయకండి, దాని కింద అన్నీ దాక్కుంటాయి. నేను చూసిన పేపర్లలో, లెక్కలు రావనుకున్న పిల్లాడికి లెక్కలు వచ్చు. 'కానిది ఏది' అన్న ప్రశ్నలో 'కానిది' దాటేస్తున్నాడు. వాడికి కావలసింది లెక్కల కోచింగు కాదు. ప్రశ్నలో ఆ మాట కింద గీత పెట్టడం. ఎవరికి ఏది పోతోందో చూడకుండా అందరికీ ఒకే కోచింగు ఇచ్చి ఫీజులు వసూలు చేస్తున్నాం... సరే, ఆ సంగతి ఇక్కడ వద్దు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: ఎప్పుడూ తప్పులే వెతుక్కుంటూ కూర్చుంటే ఉన్న ధైర్యం కూడా పోదా మాస్టారూ? నాకు ఇప్పటికే టెన్షన్ ఎక్కువ.)

మంచి ప్రశ్న తల్లీ. రెండు రకాలుగా వెతకొచ్చు. "నేను ఎందుకూ పనికిరాను" అనుకోవడం ఒకటి. "శాతాల్లో చక్రవడ్డీ దగ్గర ఆగిపోతున్నాను" అనుకోవడం ఒకటి. మొదటిది నీ మీద తీర్పు, దాంతో ఏం చేయాలో తెలియదు, అందుకే టెన్షన్. రెండోదానితో రేపు పొద్దున్న ఏం చేయాలో తెలుసు. తప్పు ఎంత చిన్నదిగా, ఎంత కచ్చితంగా రాసుకుంటే భయం అంత తగ్గుతుంది. ఇంకోటి, రోజంతా తప్పులు వెతకమని నేననలేదు. దానికొక టైము పెట్టుకో. అది అయ్యాక వచ్చిన లెక్కలు కూడా నాలుగు చేసుకో, సరదాగా. పరీక్ష హాల్లో మాత్రం ఇవేవీ గుర్తు తెచ్చుకోవద్దు. అక్కడ రాయడమే.

(ఒక యువకుడు: గుణుపూర్ అవతల మా ఊళ్లో చెప్పేవాళ్లెవరూ లేరండీ. గురువు లేకుండా ఎలా?)

గురువు ఉంటే దారి దగ్గరవుతుంది, కాదనను. లేనప్పుడు కొలత ఒకటి సంపాదించుకోవాలి. ఇంగ్లీషు అయితే, బాగా రాసిన ఒక పేరా తీసుకో. చదివి, ఒక్కో వాక్యానికి ఒక్కో గుర్తు రాసుకుని మూసెయ్. రెండు రోజులాగి ఆ గుర్తులు చూసి నీ మాటల్లో తిరిగి రాయి. అప్పుడు అసలు పేరా పక్కన పెట్టి చూడు. ఎక్కడ తేలిపోయావో అదే చెబుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో రాయడం ఇలాగే నేర్చుకున్నాడు, ఆయనకీ మాస్టరు లేడు. మాట్లాడటం అయితే ఫోను ఉంది. రికార్డు చేసిన వెంటనే వినకు, మర్నాడు విను. వెంటనే వింటే ఏం చెప్పాలనుకున్నావో అదే వినిపిస్తుంది. మర్నాడైతే ఏం చెప్పావో వినిపిస్తుంది.

(ఒక పెద్దాయన: మా వయసువాళ్లకి ఇవన్నీ వర్తిస్తాయా, ఈ కుర్రకారుకేనా?)

డెబ్బై ఐదేళ్లకి నిఘంటువు వేయించిన మనిషి పుట్టినరోజున ఈ ప్రశ్న అడిగారు బాబూ! (నవ్వులు) వేలి వేగం, చూపు తగ్గుతాయి. దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ మన వయసులో అసలు అడ్డంకి వేరే ఉంది. మనల్ని సరిచేసే ధైర్యం చుట్టూ ఎవరికీ ఉండదు. మనవరాలికి చెప్పి పెట్టుకోండి, నీ ఇష్టం వచ్చినట్టు సరిచేయమని. మొదటి వారం కష్టంగా ఉంటుంది.

(మరో విద్యార్థి: రోజుకి ఎంతసేపు చేయాలి సార్?)

నువ్వు అనుకుంటున్న దానికన్నా తక్కువ. ఆ బెర్లిన్ వయొలిన్ వాళ్లలో మేటి అయినవాళ్లే రోజుకి మూడున్నర గంటలు ఒంటరి సాధన చేసేవాళ్లు, అది కూడా ముక్కలు ముక్కలుగా, మధ్యలో విశ్రాంతితో. ఇది మనసు పెట్టి చేసే పని కాబట్టి త్వరగా అలిసిపోతాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అరగంటతో మొదలుపెట్టండి. తప్పులు పెరుగుతున్నాయంటే అలిసిపోయారని అర్థం, లేచిపోండి. రాత్రి రెండింటి దాకా మేలుకుని చదివామని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఇక్కడ చేతులెత్తకండి. మిగతావాళ్లకన్నా ఆ మేటివాళ్లు ఎక్కువ నిద్రపోయారు, మధ్యాహ్నం కునుకు కూడా ఎక్కువే తీశారు. మధ్యాహ్నం పడుకుంటే మీ ఇంట్లో తిడతారు, నాకు తెలుసు. నా పేరు చెప్పండి.